సూర్యుడి లూపులు, మా పెద్దసారు కుడిచెయ్యి

సూర్యుడి మీద పనిచేసి రిటైరయ్యానని చెబితే మా ఊరు నగరిలో వాళ్లు ముందుగా అడిగేది, ఎండలు ఎప్పుడు తగ్గుతాయని. మా యూనివర్సిటీ ఉన్న తిరుపతిలో అయితే గ్రహణం ఎన్నింటికి పడుతుంది, గుడి తలుపులు ఎన్నింటికి మూస్తారని అడుగుతారు. క్యాలెండర్లో వేశారు కదా అంటే, "క్యాలెండరు మాకూ ఉండాది మేడం, మీది ఆ డిపార్టుమెంటే కదా, కరెక్టుగా చెప్తారని అడిగినాము" అంటారు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. తర్వాత తర్వాత నేనూ క్యాలెండరు చూసి చెప్పడం నేర్చుకున్నాను. అప్పట్నుంచీ వీధిలో నాకు మర్యాద పెరిగింది.

ఈ మధ్య మా డిపార్టుమెంటులో కొత్తగా పరిశోధనకు చేరిన పిల్లలు ఇంటికి వచ్చి, ఈ పని నిజంగా ఎట్లా ఉంటుందో చెప్పమన్నారు. పుస్తకాల్లో ఉండేది వాళ్లకు నాకంటే బాగా వచ్చు. ప్రమోషన్లు, ఇంక్రిమెంట్లు, సర్వీసు రిజిస్టర్లు ఎవరి జీవితంలో అయినా ఒకే రకంగా విసుగు పుట్టిస్తాయి కాబట్టి వాటి జోలికి పోను. మేం ఏం చూశాం, ఏం చూడలేదు, చూడకుండానే ఏం చూశామనుకున్నాం, అంతవరకు రాస్తాను. ఇందులో ఎక్కువ భాగం మా పెద్దసారు గురించే ఉంటుంది. ఆయన చదివితే కోప్పడతారు. రెండోసారి చదివి నవ్వుతారు.

మేం చేసే పని

సూర్యుడి చుట్టూ కరోనా అని ఒక పలచని వాతావరణం ఉంది. ఆ పేరుతో రోగం రాకముందు నుంచీ ఆ మాట మాదే. రోగం వచ్చిన రోజుల్లో మా గది బయట బోర్డు చదివి, ఆఫీసు గుమాస్తా ఒకాయన వరండాలో అవతలి అంచున నడిచి పోయేవాడు. సూర్యుడి ఒంటి కంటే ఈ పలచని వాతావరణమే ఎన్నో రెట్లు వేడిగా ఉంటుంది. పొయ్యి కంటే వంటింటి గాలి ఎక్కువ కాలినట్టు లెక్క. ఎందుకట్లా అనేది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. తేలి ఉంటే నాకు ఉద్యోగం ఉండేది కాదు.

ఆ కరోనాలో అయస్కాంత రేఖల వెంట వేడి వాయువు నిండి, కమానుల్లాగా పెద్ద పెద్ద వంపులు కనిపిస్తాయి. రెండు కాళ్లూ సూర్యుడి మీదే పాతుకుని ఉంటాయి. పుస్తకాల్లో వీటిని అయస్కాంత వలయాలని రాస్తారు. మేం లూపులనే అంటాం. దగ్గర్లో ఎక్కడైనా పేలుడు జరిగితే ఆ దెబ్బకు లూపు పక్కకు ఊగుతుంది. కొన్ని నిమిషాలకు ఒక ఊపు చొప్పున మూడు నాలుగు ఊపులు ఊగుతుంది, ఊపు ఊపుకూ తగ్గిపోతుంది. ఎంత వేగంగా ఊగుతుందో చూసి అక్కడి అయస్కాంత బలాన్ని లెక్కగడతాం. ఎంత త్వరగా తగ్గుతుందో చూసి, ఊపులో ఉన్న శక్తి ఎక్కడికి పోయిందో ఊహిస్తాం. చాలావరకు అది లూపు అంచుల్లోని సన్నని పొరల్లోకి జారుకుంటుందని, అక్కడ మన కంటికి ఆనదని అంటారు. నా సర్వీసంతా ఈ తగ్గడం చుట్టూనే తిరిగింది.

మా నాయనకు నగరిలో మరమగ్గాల షెడ్డు ఉండేది. నేను చేసేదేమిటో ఆయనకు ఒకసారి కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పాను. అంతా విని, "ఎంతసేపు ఊగితే మనకేం మా?" అన్నాడు.

"అది తెలిస్తే ఆడ అంత వేడి యాడి నుంచి వస్తా ఉండాదో తెలుస్తాది నాయనా."

"వేడి సంగతి తెలుసుకునేదానికి అంత దూరం పోవాల్నా? మన షెడ్డులో వచ్చి కూర్చో. మధ్యాన్నానికి తెలిసిపోతాది."

ఆ తర్వాత నా పరిశోధన మీద ఎవరు ఏ విమర్శ చేసినా నాకు పెద్దగా బాధ కలగలేదు. గట్టిది ఇంట్లోనే తగిలింది.

పెద్దసారు

మునిరత్నం సారు మా డిపార్టుమెంటుకు పెద్ద. అందరం పెద్దసారు అనే పిలిచేవాళ్లం. గొడుగు లేకుండా గది దాటి బయటికి వచ్చేవారు కాదు. సూర్యుడి మీద ఇన్నేళ్లు పనిచేసిన మనిషికి ఎండంటే ఇంత భయమేమిటి సార్ అంటే, "తెలిసినోళ్లకే మా భయం" అనేవారు. కోపం, అభిమానం రెండూ ఒకే గొంతుతో పలికించేవారు కాబట్టి, ఏది ఏదో తెలుసుకోవడానికి కొత్తగా చేరినవాళ్లకు ఒక ఏడాది పట్టేది.

కొత్త ఉపగ్రహం ఫొటోలు మాకు అందడం మొదలైన రోజుల్లో ఒక వింత జరిగింది. ఒక ఫొటోల వరుసలో లూపులన్నీ ఒకేసారి, ఒకే వైపుకు, ఒకే లయలో ఊగుతూ కనిపించాయి. అంతకు ముందు ఎవరూ అలాంటిది చూసినట్టు మాకు తెలియదు. పెద్దసారు మైసూర్‌పాక్ తెప్పించారు. అందరం తింటూ ఉండగా మాలో ఒకరు తెర దగ్గరికి పోయి, "సార్, సూర్యుడి అంచు కూడా వీటితో పాటే ఊగుతోంది" అన్నారు. సూర్యుడు మొత్తంగా అటూ ఇటూ ఊగడం కుదరదు కదా. వణికింది ఉపగ్రహం. పెద్దసారు చేతిలోని ముక్కను పెట్టెలో తిరిగి పెట్టేశారు. కాసేపాగి మళ్లీ తీసుకున్నారు.

"తప్పు దొరికింది గదా, దానికి తిందాం" అన్నారు.

అప్పటినుంచీ అది మా దగ్గర ఆచారమైపోయింది. ఎవరి తప్పు దొరికితే వాళ్లు మైసూర్‌పాక్ తెప్పించాలి. మా డిపార్టుమెంటులో అందరూ కొంచెం లావుగా ఉండడానికి కారణం అదే.

మీకు చెప్పేదేమంటే, కదిలేదాన్ని చూసి సంబరపడే ముందు, కదలకూడనిది కదలడం లేదు కదా అని చూసుకోండి.

మౌసు పట్టిన చెయ్యి

ఊపును ఎట్లా కొలుస్తామో చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. లూపుకు అడ్డంగా ఒక సన్నని గీత గీస్తాం. ఉపగ్రహం తీసిన ప్రతి ఫొటోలోంచి ఆ గీత మీద పడిన ముక్కను మాత్రమే కోసి, వరుసగా పక్కపక్కన అతికిస్తాం. లూపు కదలకుండా ఉంటే ఆ బొమ్మలో ఒక వెలుగు చార నేరుగా పోతుంది. ఊగితే ఆ చార వంకరలు తిరుగుతుంది. ఎవరో ఒకరు కూర్చుని ఆ చార వెంబడి మౌసుతో చుక్కలు పెట్టాలి. ఆ చుక్కల గుండా కంప్యూటరు ఒక వంపు గీసి, ఊపు ఎంత త్వరగా తగ్గిందో చెబుతుంది.

చుక్కలు పెట్టడం కూడా కంప్యూటరే చేస్తుంది కదా అంటారు మీరు. చేస్తుంది. కానీ దానికి ముందే తగ్గే వంపు ఇచ్చి వెతకమంటే, తగ్గే వంపునే తెచ్చి చేతిలో పెడుతుంది. మనుషుల కంటే అది ఎక్కువ వినయంగా ఉంటుంది, అదే దాంతో చిక్కు.

పెద్దసారు ఆ పని ఎవరికీ వదిలేవారు కాదు. ముఖ్యమైన లూపులన్నిటికీ ఆయనే చుక్కలు పెట్టేవారు. కుడిచేత్తో మౌసు పట్టుకుని, ఎడమచేత్తో కాఫీ గ్లాసు పట్టుకుని, టకటకా పెట్టుకుంటూ పోయేవారు. "దీనికి చెయ్యి అలవాటు పడాల. నా చెయ్యి తప్పదు" అనేవారు. ఆయన పేపర్లన్నిటిలో లూపులు బుద్ధిగా మూడు నాలుగు ఊపులు ఊగి ఆగిపోయేవి. ఆగిన తర్వాత చార నేరుగా పోయేది. ఆ పేపర్లను బయటి దేశాల వాళ్లు కూడా పేర్కొనేవారు. మా అందరికీ అది గర్వంగానే ఉండేది.

షబానా చివరి అధ్యాయం

షబానా చిత్తూరు పిల్ల. వాళ్ల నాన్నకు అక్కడ బజారులో గాజుల అంగడి ఉంది. ఇంట్లో ఉర్దూ, బయట చిత్తూరు తెలుగు, థీసిస్‌లో ఇంగ్లీషు రాసేది. మూడిట్లోనూ మొహమాటమే. పెద్దసారు ఆమెకు గైడు, నేను కో-గైడును. అంటే ఆయన తిడితే ఓదార్చే పని నాది.

థీసిస్‌లో మిగతా అధ్యాయాలన్నీ పెద్దసారు నేర్పిన దారిలోనే నడిచాయి. చివరి అధ్యాయం మాత్రం ఆమె సొంతం. పెద్ద ఊపులు తగ్గిపోయాక కూడా లూపు ఆగడం లేదు, చుక్క అటు చుక్క ఇటు అన్నట్టుగా సన్నగా ఊగుతూనే ఉంది, ఆ ఊపు తగ్గడం లేదు అనేది ఆమె మాట. పైగా ఆమె చూపించిన వాటిలో ముఖ్యమైన లూపు, ఆగిపోయిందని పెద్దసారు స్వయంగా పేపరు రాసిన లూపే. వేరే చోట్ల కూడా కొందరు ఇలాంటివి చూశామంటున్నారని ఆమెకు తెలుసు. పెద్దసారుకూ తెలుసు. "వాళ్ల ఉపగ్రహం గూడా వణుకుతా ఉంటాది" అని కొట్టిపారేశారు.

"సూర్యుడి అంచు కదలడం లేదు సార్. ముందే సూసుకున్నాను" అంది షబానా.

"అయితే నీ కన్ను కదలతా ఉండాది."

ఒక మధ్యాహ్నం నా గదికి వచ్చి కూర్చుంది. "మేడం, మేడ మీద బట్టల దండేనికి పెద్ద గాలి తగిలితే ఒక్కసారి ఎగిరి తగ్గిపోతాది. ఆ తర్వాత గూడా సన్నగా ఊగతానే ఉందంటే, చిన్నగాలి ఇంకా తగలతా ఉన్నట్టే కదా. లూపుకు గూడా ఎవురో శక్తి ఇస్తానే ఉండారు మేడం. అది ఎవురో తెలిస్తే ఆ వేడి సంగతి గూడా కొంచెం తెలుస్తాది" అంది. ఆమె ఇంత పొడుగ్గా మాట్లాడడం నేను వినడం అదే మొదటిసారి.

కానీ ఆమెకు వ్యవధి లేదు. రిజిస్ట్రేషన్ గడువు ఆ టర్ముతో అయిపోతుంది. డిగ్రీ వస్తే చిత్తూరులో ఒక కాలేజీలో ఉద్యోగం దొరికేట్టుంది. పెద్దసారు సంతకం లేనిదే థీసిస్ కదలదు. ఆయన ఒకటే మాట చెప్పారు. "ఆ చివరి అధ్యాయం తీసెయ్. రేపే సంతకం పెడతా."

నాకు కోపం వచ్చింది. ఆ కోపాన్ని ఆయన ముందు చూపించే ధైర్యం కో-గైడులకు ఉండదు. అప్పుడు చంద్రగిరి కోట మాకు సాయం చేసింది.

పుత్తూరు కట్టు

ఏటా డిపార్టుమెంటు మొత్తం చద్దిమూటలు కట్టుకుని ఎక్కడికో ఒకచోటికి పోవడం అలవాటు. ఆ ఏడు చంద్రగిరి పోయాం. రాజమహలు చూసి దిగేటప్పుడు పెద్దసారు, ఆ గోడల మందం గురించి మాకు ఉపన్యాసం ఇస్తూ, వినేవాళ్ల వైపు తిరిగి వెనక్కి నడిచారు. మెట్టు అయిపోయింది, ఉపన్యాసం అయిపోలేదు. కుడిచెయ్యి కింద పెట్టి పడ్డారు. గొడుగుకు ఏమీ కాలేదు.

మణికట్టు దగ్గర ఎముక విరిగింది. తిరుపతిలో ఇన్ని ఆసుపత్రులు ఉండగా, ఆయన కారెక్కి చెప్పిన మాట ఒకటే, "పుత్తూరుకు పోనీండి." ఫిజిక్సు ప్రొఫెసరు గారికి ఎక్స్‌రే మీద నమ్మకం లేదా అని నేను అడిగాను. "ఎక్స్‌రే మీద నమ్మకం ఉండాది. తీసి చదివే మనిషి మీదనే లేదు" అన్నారు. ఆ మాట గుర్తు పెట్టుకుని ఉండాల్సింది నేను. అప్పుడు నవ్వి ఊరుకున్నాను.

పుత్తూరులో ఎముకలు కట్టే నాటువైద్యులు ఆకుమందు పూసి, వెదురు బద్దలు పెట్టి, గుడ్డతో గట్టిగా కట్టు కట్టారు. మోచేతి నుంచి వేళ్ల దాకా కట్టే. చెయ్యి కదిలించకూడదన్నారు. మౌసు పట్టుకోవడం కుదరదు. మర్నాడే ఆయన డిపార్టుమెంటుకు వచ్చి, పక్కన కుర్చీ వేయించుకుని, షబానాను కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. ఆయన చెప్పాలి, ఆమె చుక్క పెట్టాలి. నేను వెనక కూర్చుని చూస్తున్నాను.

"ఇంకొంచెం పైకి. ఆఁ, ఆడ పెట్టు. ఇప్పుడు కిందికి. పెట్టు."

మొదటి ఊపు, రెండో ఊపు, మూడో ఊపు బాగానే నడిచాయి. తర్వాత ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "ఇంక నేరుగా పో మా. ఆడ ఏం లేదు."

షబానా మౌసు కదల్చలేదు. "సార్, ఈడ కొంచెం పైకి ఉండాది."

"యాడ?"

"ఈడ సార్."

"నువ్వు పెట్టుకుంటా పో. అది చివర."

ఆయన తెర వైపు చూడడం లేదు. కట్టు కింద దురద పెడితే స్కేలుతో గోక్కుంటున్నారు. నాకు అప్పుడు ఒక సంగతి తట్టింది. కుడిచెయ్యి బాగున్న రోజుల్లో కూడా ఆయన ఇట్లాగే చేసి ఉండాలి. కాఫీ, మాటలు, టకటకా చుక్కలు. ఊపులు ఉన్నంతవరకు చూసేవారు. ఆగిపోతుందని తెలిసిన చోటికి రాగానే చూడడం మాని చెయ్యి పనిచేసేది. మోసం కాదు, బద్ధకం కూడా కాదు. ఎన్నోసార్లు చేసి చేసి పండిన మనిషికే వచ్చే జబ్బు ఇది. కొత్తవాళ్లకు రాదు, ఎందుకంటే వాళ్లకు ఏది ఎక్కడ ఆగాలో తెలియదు.

ముక్కలు

ఉపాయం షబానాదే. బొమ్మలను ముక్కలుగా కోసి కలిపేద్దాం అంది. పెద్ద ఊపులున్న భాగాలు తీసేయాలి. పేలుడుకు ముందువి, తర్వాతవి, అసలు ఏ పేలుడూ లేని నాటి లూపులవి, అన్నీ ఒకే పొడుగున కోయాలి. కొన్నిటిని కుడిఎడమలుగా తిప్పేయాలి. ఏ ముక్క ఎక్కడిదో చుక్కలు పెట్టేవాళ్లకు తెలియకూడదు.

"సారుకు చెప్పకుండానా?" అన్నాను.

"లేదు మేడం. చెప్పే చేద్దాం. చెప్పకుండా చేస్తే అది ఆయన్ని పరీక్ష పెట్టినట్టుంటాది."

చెప్పే చేశాం. పెద్దసారుకు పౌరుషం వచ్చింది. "ఎట్లా తిప్పినా నేను కనుక్కుంటా. ఎడమచేత్తో పెడతా, ఇయ్యండి" అన్నారు. అప్పుడు నేను ఒక షరతు పెట్టాను. షబానా కూడా అవే ముక్కలకు వేరే గదిలో చుక్కలు పెట్టాలి. కోసి కలిపేది నేను. ఏది ఎక్కడిదో నా ఒక్కదానికే తెలియాలి. షబానా ముఖం కొంచెం చిన్నబోయింది గానీ ఒప్పుకుంది.

ఆ వారమంతా పెద్దసారు ఎడమచేత్తో, బడిలో చేరిన కొత్తలో పలక మీద అక్షరాలు దిద్దినట్టుగా, నాలుక పంటి కింద పెట్టుకుని ఒక్కో చుక్కా పెట్టారు. కాఫీ గ్లాసు పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. మధ్యలో నా ముఖం వైపు చూసేవారు, ఏమైనా తెలుస్తుందేమోనని. నేను కిటికీ వైపు తిరిగి కూర్చునేదాన్ని.

అన్నీ అయ్యాక ఇద్దర్నీ కూర్చోబెట్టి, ముక్కలను తిరిగి వాటి చోట్లలో పెట్టి చూపించాను. ఏ పేలుడూ లేని నాటి లూపులకు పెద్దసారు నేరుగానే చుక్కలు పెట్టారు. అంటే లేనిదాన్ని ఊహించుకోలేదు. కానీ ఆయన పేపరు రాసిన ఆ లూపు దగ్గరికి వచ్చేసరికి, పెద్ద ఊపులు తగ్గాక వచ్చే భాగంలో చుక్కలు సన్నగా పైకీ కిందికీ పోతున్నాయి. అదే భాగానికి పాత పేపరులో ఆయన గీసిన నేరు గీతను పక్కన పెట్టాను.

ఆయన చాలాసేపు చూశారు. "ఈ చుక్కలు ఎవురు పెట్టింది?"

"మీరే సార్."

"నేనా?"

"ఎడమచేత్తో."

ఆయన కట్టు ఉన్న చెయ్యిని ఒడిలోకి తీసుకుని చూసుకున్నారు. తర్వాత మెల్లగా అన్నారు, "కుడిచెయ్యికి తెలుసు గదా, ఆడ ఏం లేదని. ఎడమచెయ్యికి ఎవురూ చెప్పలా."

అక్కడితో కథ అయిపోయి ఉంటే షబానాకు బాగుండేది. మిగతా ముక్కలు కూడా చూపించాను. ఆమె తన అధ్యాయంలో చేర్చిన లూపుల్లో కొన్ని, ఏవి ఏవో తెలియకుండా చుక్కలు పెడితే, ఆమె చేతిలోనే నేరుగా వచ్చాయి. ఆయనకు ఆగుతుందన్న నమ్మకం, ఈమెకు ఊగుతుందన్న ఆశ. చెయ్యి రెండింటికీ లొంగింది. షబానా కళ్లలో నీళ్లు తిరిగాయి.

పెద్దసారే ముందు తేరుకున్నారు. "ఇరిగింది నా చెయ్యి ఒక్కటే అనుకున్నానే. నీది గూడా ఇరిగింది మా. పుత్తూరుకు పోదాం పా, ఇద్దరికీ కలిపి కట్టు కడతారు" అన్నారు. ఆ పూట మైసూర్‌పాక్ రెండు పెట్టెలు వచ్చాయి. షబానా తన పెట్టె విప్పింది గానీ తినలేదు.

రెండు ప్రతులు

మర్నాటి నుంచి పెద్దసారు డిపార్టుమెంటుకు రాలేదు. చెయ్యి నొప్పి అని కబురు పంపారు. గడువు దగ్గరపడుతోంది. ఆ అధ్యాయానికి ఒప్పుకున్నారా లేదా అనేది ఎవరికీ తెలియదు. ఒప్పుకుంటే, తన గురించి తాను ఇన్నేళ్లుగా చెప్పుకున్న మాట మీద తానే సంతకం పెట్టి కొట్టేసినట్టవుతుంది. ఆ ఒక్క లూపే కాదు, అదే చేత్తో పెట్టిన మిగతా లూపులన్నిటి మీదా అనుమానం వస్తుంది. నేనే ఆయన స్థానంలో ఉంటే నాకూ చెయ్యి నొప్పి వచ్చేది.

షబానా థీసిస్ రెండు రకాలుగా అచ్చు వేయించి తెచ్చింది. ఒకదానిలో చివరి అధ్యాయం ఉంది, బలహీనమైన లూపులన్నీ తీసేసి, గట్టిగా నిలబడ్డ వాటితో. రెండోదానిలో ఆ అధ్యాయమే లేదు. రెండోది ఎందుకు తెచ్చావని నేను కసిరాను.

"నాకు డిగ్రీ గూడా కావాల మేడం" అంది. మీలో ఎవరికైనా అలాంటి రోజు వస్తే, రెండో ప్రతి తెచ్చినందుకు సిగ్గుపడకండి.

చివరికి మేమిద్దరం రెండు ప్రతులూ తీసుకుని పెద్దసారు ఇంటికి పోయాం. ఆయన వరండాలో కూర్చుని ఉన్నారు. పక్కన గొడుగు. షబానా రెండూ ఆయన ముందు బల్ల మీద పెట్టింది. ఆయన పేజీలు తిప్పి ఏది ఏదో చూసుకున్నారు.

"ఇందులో నీది ఏది?"

"రెండూ నావే సార్." మళ్లీ తనే, "ఇది పూర్తిగా నాది" అని అధ్యాయం ఉన్నదాని మీద వేలు పెట్టింది.

ఆయన పెన్ను అడిగారు. కట్టు విప్పడానికి ఇంకా టైముంది కాబట్టి ఎడమచేత్తోనే పెట్టారు సంతకం, ఆమె వేలు పెట్టిన దాని మీద. ఆ సంతకం చూసి ఆఫీసు వాళ్లు ఇది సారుది కాదని తిప్పి పంపారు. నేను పోయి, నా కళ్ల ముందే పెట్టారని రాసిచ్చి రావాల్సి వచ్చింది. నా సర్వీసులో నేను పెట్టిన సాక్షి సంతకాలన్నిటిలో నాకు బాగా నచ్చింది అదే.

బాసుల గురించి మీకు నా అభిప్రాయం చెబుతాను. తప్పు చేయని బాసు దొరకడు, వెతక్కండి. తప్పు చూపిస్తే ముఖం మాడ్చుకుని, నాలుగు రోజులు ఇంట్లో కూర్చుని, ఆ తర్వాత తలుపు తీసే మనిషి దొరికితే చాలు. ఆ నాలుగు రోజులు ఆయనకు ఇవ్వండి.

వైవా

వైవా నాటికి కట్టు విప్పారు. చెయ్యి ఇంకా బిగుసుకునే ఉంది. ప్రశ్నలడగడానికి వేరే యూనివర్సిటీ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. మంచి తెలుగు మాట్లాడే మనిషి, ప్రశ్నలు మాత్రం మెత్తగా గుచ్చుతాయి. షబానా వాళ్ల నాన్న అంగడి మూసి చిత్తూరు నుంచి వచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు. ఆయనకు ఒక్క ముక్క అర్థం కావడం లేదు. అందరి ముఖాలూ చూస్తూ, ఎవరు తల ఊపితే వాళ్ల వైపు చూసి తనూ తల ఊపుతున్నాడు.

అన్ని అధ్యాయాలూ అయ్యాయి. చివరిదాని దగ్గర ఆ పెద్దాయన కళ్లజోడు తీశారు.

"మీ గైడు గారి పేపరు నేను చదివాను. ఇదే లూపు ఆగిపోయిందని రాశారు. మీరు ఊగుతూనే ఉందంటున్నారు. నన్ను ఎవరిని నమ్మమంటారు?"

షబానా తన ముందున్న కాగితాలు సర్దుకుంటూ నిలబడింది. జవాబు లేక కాదు. ముక్కలన్నీ ఆమె ముందే ఉన్నాయి. కానీ ముందు బెంచీలో పెద్దసారు కూర్చుని ఉండగా, ఆయన తప్పు అని ఆ పిల్ల నోట రాదు. రాకపోతే ఆ అధ్యాయం అక్కడితో పోతుంది. ఆమె నా వైపు చూసింది. నేను ఏమీ చేయలేక కొంగు పట్టుకుని కూర్చున్నాను.

పెద్దసారు లేచి నిలబడ్డారు. వెనక షబానా వాళ్ల నాన్న, ఎందుకో తెలియకపోయినా, తనూ లేచి నిలబడ్డాడు.

"రూలు ప్రకారం గైడు మాట్లాడగూడదు" అన్నారు పెద్దసారు. "నేను గైడుగా మాట్లాడడం లేదు. ఆ పేపరు రాసినవాడిగా మాట్లాడతా ఉండా. ఆ లూపు ఆగలా సార్. నేనే సూడ్డం ఆపేసినాను."

అంతే చెప్పి కూర్చున్నారు. వచ్చిన పెద్దాయన కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, షబానా వైపు తిరిగారు.

"సరేనమ్మా. అయితే మీరు చెప్పండి. చివరికి అది ఎప్పుడు ఆగుతుంది?"

షబానా ఈసారి ఎవరి వైపూ చూడలేదు.

"తెలీదు సార్. మా దగ్గరుండే ఫొటోలు అయిపొయ్యేదాకా సూసినాము. అప్పటికీ ఊగతానే ఉండాది."